పారమ్మ చెయ్యి ఆనే ఎత్తు

అచ్యుతయ్య గారిని ఎవరేం అడిగినా ముందుగా ఆయన అనే మాట ఒక్కటే: "చెప్పులు వేసుకో."

జవాబు తన నోట్లో ఉండదనీ, ఎవరికి కావలసింది వాళ్లు నడిచి వెళ్లి తెచ్చుకోవాలనీ ఆయన నమ్మకం. కోపం ఎలా పోతుందని అడిగిన ఒక లెక్చరర్‌ని బస్టాండుకి పంపి, సాయంత్రం దాకా విచారణ కిటికీ పక్కన కూర్చుని రమ్మన్నారట. చావంటే భయమని చెప్పుకున్న ఒక పెద్దమనిషిని మామిడి అంట్లు కట్టేవాళ్ల దగ్గర వారం రోజులు నీళ్లు మొయ్యమన్నారట. వాళ్లేం తెలుసుకొచ్చారో ఆయన ఎప్పుడూ అడగలేదు. తిరిగొచ్చినవాళ్లకి మజ్జిగ ఇప్పించి, కాళ్లు నొప్పులా అని మాత్రం అడిగేవారు.

అందుకని ఆ ఆశ్రమంలో ఉండేవాళ్లు ప్రశ్న అడిగేముందు ఒకసారి తమ చెప్పులకేసి చూసుకునేవారు. ఆశ్రమంలో మరమ్మతు పనులు చేయించే హైమ మాత్రం చూసుకోలేదు. ఆ మాఘమాసపు పొద్దున ఆమె అడగబోయింది అలాంటి ప్రశ్న కాదు మరి. ఆత్మ గురించి కాదు, ముక్తి గురించి అసలే కాదు. పనుల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, నమస్కారం కూడా సగమే పెట్టి, అడిగేసింది.

"గురువుగారూ, చిన్న చిన్న కట్టుబడి పనులు చేయించేటప్పుడు కాలం కలిసిరావాలి, డబ్బూ మిగలాలి అంటే ఏం చెయ్యాలి? నాకు రెండూ పోతున్నాయి."

ఆయన ముందురోజు రాత్రే ఊరి నుంచి వచ్చారు. శ్రీకూర్మం వైపు పాత శిష్యుడొకాయన జబ్బుపడితే చూడ్డానికని వెళ్లి, ఆయన లేచి కూర్చునేదాకా నెలన్నర అక్కడే ఉండిపోయారు. ఇంకా సంచి కూడా విప్పలేదు.

"ఏ పనికి?" అన్నారు.

"గోడకండి."

"ఎవరి గోడ?"

ఆ మాటకి హైమ గొంతు సగానికి దిగిపోయింది. "పారమ్మ మామ్మ గోడ."

ఆ గోడ సంగతి చెప్పాలంటే ముందు పారమ్మ సంగతి చెప్పాలి.

అనకాపల్లి దాటాక కొండ మీద ఉన్న ఆ ఆశ్రమంలో పద్దెనిమిది మంది ఉంటారు. వాళ్లందరికీ ఇరవై రెండేళ్లుగా వండిపెడుతున్నది పారమ్మ. ఆమె ఉపదేశం తీసుకున్నదీ లేదు, ధ్యానానికి కూర్చున్నదీ లేదు. కూర్చోమంటే, "మీరు కళ్లు మూసుకోండి, నేను పప్పు సూసుకుంటాను" అనేది. హైమ నాలుగేళ్ల కిందట, ఇంటర్ తప్పి, సూపర్‌బజార్లో బిల్లులు కొట్టే ఉద్యోగం వదిలేసి, ఎవరిమీదో తెలియని కోపంతో ఆ కొండ ఎక్కినప్పుడు, నువ్వెవరివని అడగకుండా కంచం పెట్టిన మనిషి పారమ్మ. రెండోసారి అన్నం వడ్డిస్తూ, "బువ్వ తిన్నాక ఏడు. ముందేడిస్తే అరగదు" అంది. హైమ ఆ కొండ మీద ఉండిపోవడానికి గురువుగారు ఎంత కారణమో, ఆ రెండో వడ్డన అంత కారణం.

అలాంటి పారమ్మకి కళ్లు పోతున్నాయి. విశాఖపట్నంలో కళ్ల డాక్టరు చూసి, పోయిన చూపు రాదనీ, ఉన్నది మహా అయితే మూడు నెలలనీ చెప్పాడు. పారమ్మ ఏడవలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు అడిగి కూర్చుని, బయటకు చూస్తూ, ఒక్క కోరిక కోరింది.

"నా గది కాడి నుంచి వంటింటి దాకా ఒక చిన్న గోడ కట్టించే పిల్లా. చేత్తో తడుముకుంటూ ఎల్లేలాగ. వంటింట్లోకెళ్తే నాకు కళ్లతో పని లేదు, ఉప్పు ఎక్కడుందో చేతికే తెల్సు. ఆ దారే బెంగ. చూపుండగా ఆ గోడని సూసి పెట్టేసుకుంటాను. తరవాత చెయ్యి గుర్తుపట్టేస్తాది."

దారి అరవై అడుగులకు మించదు. మధ్యలో కొళాయి దగ్గర ఒక మలుపు, ఆ పైన నాలుగు మెట్లు. ఆ నాలుగు మెట్లూ తీసి వాలుగా చేస్తే సరి. గోడ లేకపోతే పారమ్మ వంటింటికి రావడం కుదరదు. వంట లేకపోతే ఆమె అక్కడ ఉండదు. ఊరికే కూర్చుని తినే మనిషి కాదు. పెందుర్తిలో తమ్ముడి కొడుకు ఇంటికి వెళ్లిపోతానని అప్పటికే అంది. అక్కడ ఆమెకు వంటిల్లు ఉండదు, ఒక మూల ఉంటుంది. హైమకు ఆ మూల కళ్లకు కట్టినట్టు కనిపించేది.

మరి నెలన్నరగా గోడ ఎందుకు లేవలేదు? హైమ బద్ధకస్తురాలు కాదు. అసలు గొడవంతా ఆమె శ్రద్ధలోనే ఉంది. కిందటేడు స్నానాలగది కప్పు బాగుచేయించినప్పుడు, అడిగినంతా ఇచ్చేసి, తర్వాత పక్క ఊళ్లో అదే పని సగానికి చేశారని విని సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటి నుంచీ పుస్తకాలు తెచ్చుకుని కొలతలు నేర్చుకుంది, సిమెంటు పాళ్లు నేర్చుకుంది, ముగ్గుర్ని అడగనిదే ఇటుక ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. పారమ్మ గోడ వచ్చేసరికి ఆ ఒట్టు ఇంకా ముదిరింది. గోడ ఒక పని, వాలు ఒక పని, కొళాయి గట్టు ఒక పని అని మూడుగా విడదీసింది. ఒక్కో పనికీ ముగ్గురు మేస్త్రీలను పిలిచి, తొమ్మిది కాగితాలు రాయించుకుంది. ఒకడి కాగితంలో పూత కలిసి ఉంది, ఒకడి దాంట్లో లేదు. ఒకడు పునాది అడుగు లోతన్నాడు, ఒకడు జానెడన్నాడు. పోల్చడానికి కుదరక మళ్లీ పిలిచింది. తేడా తేలాక ఇంకొంచెం తగ్గుతారేమోనని మూడోసారి పిలిచింది. మొత్తానికి రెండు వేల మూడు వందలు మిగులుతుందని తేల్చి, సంతోషంగా ఫోన్ చేస్తే, ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు.

ఆలోగా ఒక తాడు కట్టింది. పారమ్మ దాన్ని పట్టుకుని రెండడుగులు వేసి వదిలేసింది. "ఊగుతోందే. ఊగేదాన్ని ఎలా నమ్మను?" అంది. మొన్న పొద్దున హైమ ఎదురుగా నిలబడి ఉంటే పోల్చుకోలేక, "ఎవులది? సుశీలా?" అంది.

ఇదంతా చెప్పి హైమ పుస్తకం తెరిచి ఆ తొమ్మిది కాగితాలూ గురువుగారి ముందు పరిచింది. ఆయన వాటిని చూడలేదు.

"చెప్పులు వేసుకో" అన్నారు. "ఈ ముగ్గురిలో తవిటయ్య ఉన్నాడు కదూ. ఇవాళ అతని వెంట తిరిగిరా. అతనెక్కడికి వెళ్తే అక్కడికి. ఎవరేమన్నా నువ్వు మాత్రం నోరు తెరవకు."

"గురువుగారూ, ఇప్పటికే నెలన్నర పోయింది. ఇంకో రోజా?"

"ఒక్క రోజే."

తవిటయ్యకు యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, ఎండిన కర్రలా ఉంటాడు. గురువుగారి మాట అనేసరికి కాదనలేక, టీవీఎస్ బండి వెనక తాపీ సంచి తీసి ముందు పెట్టుకుని, హైమకు చోటిచ్చాడు. "ఏటమ్మా, నా వెనక తిరిగితే ఏటి దొరుకుద్ది? దుమ్ము దొరుకుద్ది" అన్నాడు. హైమ నోరు తెరవలేదు.

మొదట ఒక టీచరమ్మ గారి ఇంటికి వెళ్లారు. స్నానాలగదిలో పలకలు వెయ్యాలి. తవిటయ్య వంగి, లేచి, మూల మూలా కొలిచి, ఎంతవుతుందో చెప్పాడు. ఆవిడ నవ్వుతూ విని, "సరే తవిటయ్యా, ఇంకో ఇద్దర్ని అడిగి కబురు చేస్తాను" అంది. రెండోది ఒక కిరాణా కొట్టు గుమ్మం. తొమ్మిదింటికి రమ్మన్నాయన తొమ్మిదింటికి లేడు. పదిన్నరకి వచ్చి, "అయ్యో, నువ్వా! ఇవాళ తీరికలేదు, రేప్పొద్దున రా" అన్నాడు. మూడో ఇంట్లో ప్రహరీ గోడ. అక్కడికి వెళ్లేసరికి ఇంకో మేస్త్రి అప్పటికే కొలుస్తున్నాడు. అతను సింహాద్రి. పారమ్మ గోడకు పిలిచిన ముగ్గురిలో అతనూ ఒకడు. తవిటయ్యని చూడగానే ఇంటివాళ్లు మొహమాటంతో లోపలికి వెళ్లిపోయారు. ఇద్దరు మేస్త్రీలూ మాత్రం నవ్వుకుని, ఒకే టేపుకి చెరో కొసా పట్టుకుని కొలిచేశారు.

"కలిసి కొలిత్తే సగం టైములో అయిపోద్ది కదేటి" అన్నాడు సింహాద్రి. అప్పుడు హైమని చూశాడు. "ఓలమ్మో! కాగితాలమ్మని బండెక్కించుకొచ్చావేట్రా తవిటా? గోడకి ఇటుకలొద్దు, కాగితాలే అంటించేద్దామనా?"

తనకు ఆ పేరు పెట్టారని హైమకు అప్పటిదాకా తెలియదు. మొహం భగ్గుమంది. తవిటయ్య, "ఊరుకోరా" అన్నాడు గాని సింహాద్రి ఊరుకునే రకం కాదు.

"ఏటూరుకునేది? ముగ్గురం మూడేసిసార్లు ఎక్కినాం ఆ కొండ. అంటే తొమ్మిది నాళ్లు. ఆ తొమ్మిది నాళ్లలో గోడ కట్టేసి, సున్నం కొట్టేసి, దానిమీద కూకుని బువ్వ కూడా తినేసేవోళ్లం. ఆ ముసల్దానికి కళ్లు పోతన్నాయంట కదా. కాగితాలమ్మకి కూడా పోయినట్టున్నాయి."

హైమ రెండు చేతులూ సంచి పట్టీలో మెలిపెట్టుకుని నిలబడింది.

మరో రెండు ఇళ్లు చూశాక ఒంటిగంటకి ఒక కల్వర్టు మీద కూర్చుని తవిటయ్య క్యారేజీ విప్పాడు. రాగులతో కాచిన చోడి అంబలి, ఉల్లిపాయ, కాస్త ఎండుచేప. మూతలో సగం పోసి హైమ ముందు పెట్టాడు. ఆమె ఎండుచేప పక్కకు పెట్టి, అంబలి తాగింది. తాగాక ఇంక ఉండబట్టలేక గురువుగారి మాట దాటేసింది.

"బాబాయ్, ఇవాళ కూలి పోయినట్టేనా?"

"పోవడమేటమ్మా? ఎక్కడికి పోద్ది? తిరిగిన నాళ్లు కూడా గోడలోనే కట్టేత్తాం."

ఆమెకు అర్థం కాలేదని అతనికి అర్థమైంది. ఉల్లిపాయ కొరికి, ఓపిగ్గా చెప్పాడు.

"ఇయ్యాల ఐదిళ్లు తిరిగినాను. తగిల్తే ఒకటి తగుల్తాది. మిగతా నాలుగిళ్ల తిరుగుడూ ఆ ఒక్కింటి రేటులో ఎయ్యకపోతే మా ఇంట్లో పొయ్యి ఎలా ఎలుగుద్ది? మీ కొండ ఎక్కిన మూడు నాళ్లూ అలాగే ఎవుల గోడలోకో ఎల్లిపోయాయి. ఆళ్లకి తెల్దు. ఆళ్లు తిప్పిన నాళ్లు మీ గోడలోకొచ్చాయి. మీకూ తెల్దు. దొంగతనం కాదమ్మా. ఇంకెక్కడ పెట్టుకుంటాం?"

హైమ తన రెండు వేల మూడు వందల గురించి ఆలోచించింది. అది ఎవరి గోడలోంచి ఊడొచ్చిన ముక్కో ఆమెకు తెలియలేదు. తన గోడలో ఎవరెవరి పూటలు ఉన్నాయో అదీ తెలియలేదు.

మధ్యాహ్నం తవిటయ్యకు ఫోనొచ్చింది. అతను, "ఒత్తన్నానమ్మా" అని ఒక్క ముక్క అని బండి తిప్పాడు. వెళ్లింది రవణమ్మ గారి బెల్లం బట్టీకి. చెరుకు సీజను నడుస్తోంది. పొయ్యి నోటి దగ్గర ఇటుక పగిలి మంట బయటికి తన్నుతోంది. పెనంలో పాకం సగం ఉడికి ఉంది, ఆపితే పాడవుతుంది. రవణమ్మ గారు నడుముకి కొంగు చుట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, ఎంతవుతుందని ఆమె అడగలేదు. తవిటయ్య బండి దిగుతూనే మట్టి తొక్కడం మొదలుపెట్టాడు. అరగంటలో పొయ్యి నోరు మూతి తుడుచుకున్న పిల్లాడిలా అయింది.

చేతులు కడుక్కుంటూ అతను తలెత్తి చూసి, "అమ్మా, పొగగొట్టం కుదురు కాడ బీట తీసింది. ఇప్పుడైతే పూట పని. ఆనక గొట్టమే దించాల్సొత్తాది" అన్నాడు.

"చేసెయ్యి" అంది రవణమ్మ గారు.

ఒకే ఒక్క మాట! హైమ ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ పొద్దుటి నుంచీ ఐదిళ్లలో విన్న మాటలన్నీ, తను నెలన్నరగా ఫోన్లో ఆడిన మాటలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత పని చెయ్యలేదు. మళ్లీ గురువుగారి మాట దాటింది.

"అతను మోసం చెయ్యడని మీకెలా తెలుసండీ?"

రవణమ్మ గారు పెద్దగా నవ్వింది. "నాకెలా తెలుస్తుందమ్మా, నేనేమన్నా జోస్యం చెప్పేదాన్నా? ఇలా రా." సామాన్ల కొట్టు తలుపు తీసి లోపలివైపు చూపించింది. చెక్క మీద బొగ్గుతో రాసి ఉంది: ఇటుక గోడ అడుగుకింత, పూత అడుగుకింత, మట్టిపని పూటకింత, పెంకు నెయ్యడం ఇంత. "ఏటేటా మొదటి పెనం దించిన రోజు ముగ్గురు మేస్త్రీల్నీ పిలిచి కూర్చోబెడతాను. కొత్త బెల్లం పెడతాను. గీసి గీసి బేరమాడతాను, నా బేరం సంగతి తవిటయ్యనే అడుగు. కుదిరినవాడి రేట్లు ఈ తలుపు మీద రాస్తాం. అంతే, ఏడాదంతా మళ్లీ ఆ మాట ఎత్తం. పనవగానే నేనే టేపు పట్టుకుని కొలుస్తాను, తలుపు చూసి ఇచ్చేస్తాను. ఏడాదికి ముప్పై పనులుంటాయి నాకు. ముప్పైసార్లు ముగ్గుర్ని పిలిస్తే ఇంక బెల్లం ఎప్పుడు వండను?"

"ఒకసారి మోసం చేస్తే?"

"చేస్తే ముప్పైసార్లు నా గుమ్మం తొక్కలేడుగా" అని, తవిటయ్యకు వినబడేలా గొంతు పెంచింది. "ఏం తవిటయ్యా, చేస్తావా?"

"మీ టేపు ముందు మా ఆటలు సాగుతాయేటమ్మా" అన్నాడు అతను, గొట్టం దగ్గర్నుంచి తలెత్తకుండానే.

సాయంత్రం హైమ ఆశ్రమానికి వచ్చేసరికి గురువుగారు అరుగు మీద ఉన్నారు. మజ్జిగ ఇప్పించారు. "కాళ్లు నొప్పులా?" అని అడిగారు. ఆమె అరుగంచున కూలబడి, చెప్పు పట్టీ మీద చెయ్యి వేసింది.

"అప్పుడే విప్పకు" అన్నారాయన.

హైమ ఆయన వైపు చూసి, లేచి, ఉన్నపళంగా కొండ దిగిపోయింది. ముగ్గురు మేస్త్రీల ఇళ్లకూ వెళ్లింది. ఫోన్ చెయ్యలేదు, వెళ్లింది.

మర్నాడు పొద్దున ముగ్గురూ వచ్చారు. పారమ్మే టీ పెట్టింది. గ్లాసులు మాత్రం హైమ అందించింది, పారమ్మ చెయ్యి ఇప్పుడు గ్లాసు అంచుకి ఒక అంగుళం అవతల ఆగుతోంది. ముగ్గురూ అది చూశారు. హైమ నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు చివర పట్టుకుని, చెప్పేసింది.

"మీ తొమ్మిది రోజులు నేనే పోగొట్టాను. తప్పయిపోయింది. ఏడాదికి ఇక్కడ గోడలు, కప్పులు, కొళాయిలు అన్నీ కలిపి పాతిక పనులుంటాయి. వాటన్నిటికీ కలిపి ఇవాళ ఒక్కసారే రేట్లు మాట్లాడుకుందాం. మళ్లీ వచ్చే మాఘం దాకా పోటీకి పిలవను."

"ఓరోరి, కాగితాలమ్మకి నోరు కూడా ఉన్నాదిరా!" అన్నాడు సింహాద్రి. కాని ఈసారి గొంతులో విరుపు లేదు.

గంట పట్టింది. తవిటయ్య తన రేట్లు చెప్పి, మళ్లీ ప్రతిదాంట్లోంచీ కొంచెం తగ్గించాడు. హైమ ఆశ్చర్యపోతే, "తిరుగుడు తీసేసినానమ్మా. ఏడాది పని ఒకేసోట ఉంటే ఇంకెందుకు?" అన్నాడు. మూడో మేస్త్రి తనకు అంత దూరం గిట్టదని టీ తాగి లేచాడు. సింహాద్రి, "గోడకి రెండో చెయ్యి కావాలి కదా" అని సంచి అక్కడే దించాడు. హైమ సామాన్ల గది తలుపు వెనక సుద్దముక్కతో రేట్లు రాసింది. టేపు తెచ్చి మేకుకి తగిలించింది.

తర్వాత పనుల పుస్తకం తీసి, గోడ ఎత్తు చదివింది. "మూడడుగులు."

తవిటయ్య తల గోక్కున్నాడు. "మూడడుగులని ఎవులు సెప్పారమ్మా?"

"పుస్తకంలో ఉంది బాబాయ్. చేత్తో పట్టుకుని నడిచే గోడ ఎత్తు అంతే ఉండాలని."

అతను పారమ్మ దగ్గరికి వెళ్లి, అక్కని పిలిచినట్టు పిలిచాడు. "అప్పా, ఓసారి ఇలా రా. కళ్లు మూసుకో. మూసుకుని, ఊరికే నడు. చెయ్యి ఎక్కడుంటే అక్కడ ఉండనీ."

పారమ్మ కళ్లు మూసుకుని నడిచింది. ఇరవై రెండేళ్లు పొయ్యి ముందు వంగిన నడుము అది. భుజం ఒకవైపు జారి ఉంది. కుడిచెయ్యి ముందుకు, కిందికి, నేల మీది గిన్నె అందుకోబోతున్నట్టుగా వచ్చి గాలిలో ఆగింది. తవిటయ్య ఆ అరచేతి కింద కర్ర నిలబెట్టి, బొగ్గుతో గీత పెట్టాడు. సింహాద్రి టేపు వేసి చూశాడు. రెండడుగుల నాలుగు అంగుళాలు.

హైమ తన తొమ్మిది కాగితాలూ తీసి చూసింది. మూడు గోడ కాగితాల్లోనూ, ముగ్గురి రాతల్లోనూ, మూడేసి దిద్దుబాట్లతో సహా మూడడుగులనే ఉంది. ఎవరు ఎంత ఎక్కువ అడుగుతున్నారో ఆమెకు పైసలతో సహా తెలుసు. పారమ్మ చెయ్యి ఎక్కడ ఆనుతుందో ఏ కాగితంలోనూ లేదు.

"అప్పుడొచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అంది, దాదాపు ఏడుస్తూ.

"అప్పుడు పని నాదో కాదో తెల్దు కదమ్మా" అన్నాడు తవిటయ్య. తప్పు ఒప్పుకుంటున్నట్టే అన్నాడు. "మనది కాని పనికి ఎవులు మనసెడతారు?"

పని ఆరు రోజులు సాగింది. మెట్లు తీసి వాలు చేశారు. గోడ అంచు గరుకు లేకుండా గుండ్రంగా పూశారు, చెయ్యి గీసుకోకూడదని. కొళాయి మలుపు దగ్గర ఒక చిన్న గుంట వదిలారు, అక్కడ వేళ్లు పడగానే తిరగాలని తెలిసేలా. ఇవేవీ తలుపు మీద రాసి లేవు. ఐదో రోజు పారమ్మ తన గదిలోంచి బరువుగా ఏదో ఎత్తుకొచ్చింది. పాత రుబ్బురోలు పొత్రం. కిందటేడు గ్రైండరు కొన్నాక మూల పడేసిన నల్లరాయి, పైభాగం ఆమె అరచెయ్యి పట్టిపట్టి నున్నగా గాజులా అయిపోయింది.

"తవిటా, దీన్ని గోడ చివర, వంటింటి గుమ్మం కాడ పెట్టు. సగం లోనికి, సగం బయటకి. ఇది తగిలితే ఇంట్లోకి వచ్చేసినట్టు నాకు."

సింహాద్రి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఆ రోజంతా అతను ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు.

ఏడో రోజు పొద్దున సున్నం ఆరింది. పారమ్మని గుమ్మంలో నిలబెట్టి, హైమ పక్కన నిలబడింది. ఎండ అప్పుడే గోడ మీదికి వచ్చింది. పారమ్మ చాలాసేపు ఆ వైపు చూసింది. తల కాస్త పక్కకి వంచి చూసింది, మళ్లీ ఇంకో పక్కకి వంచి చూసింది.

"తెల్లగా ఏదో పొడుగ్గా ఉన్నాది" అంది. "గోడే కదే?"

"గోడే మామ్మా."

"మలుపు ఎక్కడ?"

హైమ వేలితో చూపించబోయి, ఆ వేలు ఆమెకు కనిపించడంలేదని తెలుసుకుని, చెయ్యి దించేసింది. నెలన్నర కిందటైతే పారమ్మ ఆ మలుపు చూసి ఉండేది. అంచున తవిటయ్య తాపీ జారిన చిన్న గీత కూడా చూసి, ఇదేటిరా వంకరగా అని తిట్టి ఉండేది.

"పోనీలే. తెల్లగా ఉన్నట్టు సూసినాను కదా, అది చాలు" అని పారమ్మ గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి ఎక్కడ ఉండాలో గోడ అక్కడే ఉంది. మెల్లగా నడిచింది. గుంట దగ్గర వేళ్లు ఆగాయి, తిరిగింది. వాలు ఎక్కింది. చివర అరచెయ్యి పొత్రం మీద పడగానే దాన్ని రెండుసార్లు తట్టింది, పాత పరిచయస్తుణ్ణి భుజం తట్టినట్టు. లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి పోపు చిటపటలు వినిపించాయి.

ఆ తర్వాత ఆమె రోజుకి పదిసార్లు ఆ దారిన నడిచింది, కళ్లు తెరిచి కొన్నిసార్లు, మూసి కొన్నిసార్లు. కొన్నాళ్లకి ఆ రెండింటికీ తేడా లేకపోయింది. పెందుర్తి మాట మళ్లీ ఎత్తలేదు.

హైమకి మాత్రం నిద్రపట్టని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. దాన్ని చాలా రోజులు దాచుకుని, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, పనుల పుస్తకం లేకుండా, నమస్కారం నిండుగా పెట్టి, గురువుగారి దగ్గర నిలబడింది. ఈసారి చెప్పులు వేసుకునే వచ్చింది.

"గురువుగారూ, తవిటయ్య బాబాయ్ తిరిగిన రోజులు ఎవరి గోడలోనో ఉన్నాయి, ఆ సంగతి తెలిసింది. నేను పోగొట్టిన ఆ నెలన్నర, మామ్మ చూపున్న ఆ నెలన్నర, అది ఏ గోడలో ఉంది?"

అచ్యుతయ్య గారు ఆమె భుజం మీదుగా దారి వైపు చూస్తున్నారు. హైమ వెనక్కి తిరిగింది. పారమ్మ కుడిచేత్తో కూరగిన్నె నడుముకి ఆనించుకుని, ఎడమచెయ్యి గోడ మీద జారుస్తూ వంటింట్లోంచి వస్తోంది. గుంట దగ్గర తిరిగింది. తొందర లేదు, తడుములాట లేదు. పంక్తి దగ్గరికి వచ్చి, "కాగితాలమ్మ వచ్చిందా? అడుగుల చప్పుడు వినిపించింది" అంది.

ఆయన హైమ కాళ్ల వైపు చూశారు.

"ఇంక చెప్పులు విప్పెయ్యమ్మా," అన్నారు, "పారమ్మ వడ్డిస్తోంది."